పెద్దలకు పెట్టుకోవడం: చనిపోయినవారిని ఊరు గుర్తుంచుకునే తీరు

తెలుగు పల్లెల్లో చావుకు, చనిపోయినవారికి సంబంధించిన మాటలను ఒకచోట పోగుచేసి చూస్తే చాలావాటి చివర ఒకే క్రియ కనిపిస్తుంది. చితికి కొరివి పెడతారు. శవం చుట్టూ చేరిన ఆడవాళ్ళు శోకాలు పెడతారు. మూడో రోజు పిట్టకు పెడతారు. ఏటేటా తద్దినం పెడతారు, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు, సమాధి దగ్గర దీపం పెడతారు, పుట్టిన మనవడికి తాత పేరు పెడతారు. జ్ఞాపకానికి వాడే మాట సైతం గుర్తు పెట్టుకోవడమే. పెట్టు అనే క్రియ తెలుగులో ఎక్కడ పడితే అక్కడ వస్తుంది కాబట్టి దీన్ని మరీ పెద్ద విశేషంగా చూడనక్కర్లేదని భాషావేత్తలు అనవచ్చు. అయినా ఈ మాటల వెనుక ఉన్న సంగతి మాత్రం గమనించదగ్గది. పెట్టడానికి ఒక చెయ్యి కావాలి, పెట్టే వస్తువు కావాలి, పెట్టే చోటూ పెట్టే రోజూ తెలిసి ఉండాలి. చిన్న ఊళ్ళలో చనిపోయినవారి జ్ఞాపకం మనసులో మెదిలే భావంగా కంటే ఏడాది పొడవునా వంతులవారీగా చేయాల్సిన పనిగానే ఎక్కువ కాలం బతికింది. అందుకే ఆ పని చేసే చేతులు ఊరు విడిచినప్పుడు జ్ఞాపకం రూపమే మారిపోతోంది.

ఆ పని చావు జరిగిన గంటలోనే మొదలవుతుంది. శోకాలు పెట్టే స్త్రీ ఊరికే ఏడవదు. రాగం తీసి, పోయిన మనిషిని వరసపెట్టి పిలుస్తూ, అతడు చేసిన పనులను, ఇచ్చిన మాటలను, సగంలో వదిలిపోయిన బాధ్యతలను ఒక్కొక్కటిగా చెబుతుంది. కూతురి పెళ్ళికి అమ్ముకున్న ఎడ్ల జత, కరువు ఏడాదిలో ఇరుగింటి పిల్లలకు పోసిన అంబలి, బావి తవ్విస్తూ పడ్డ అప్పు, ఆసుపత్రికి తీసుకుపోవడంలో జరిగిన ఆలస్యం అన్నీ అందులోకి వస్తాయి. ఒక వదిన ఒక సంగతి ఎత్తుకుంటే చెల్లెలు దాన్ని అందుకుంటుంది, ఆ తర్వాత మేనకోడలు తనకు తెలిసింది కలుపుతుంది. అచ్చులో ఎన్నడూ పేరు పడని మనిషి జీవితకథ మొదటిసారి వరసగా చెప్పబడేది అక్కడే. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్న సామెత ఈ శోకాలకు కొంతవరకు వర్తిస్తుంది. అయితే శోకంలో పొగడ్తే కాదు, నిష్ఠూరమూ ఉంటుంది. బతికుండగా అత్తను, బావను, అన్నను ఎదురుగా అనలేని మాటను ఆ రోజు రాగంలో పెట్టి నలుగురి ముందూ అనే హక్కు ఆడవాళ్ళకు ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

పాడె ఊరు దాటాక, శ్మశానం చేరేలోపు ఒకచోట దించుతారు. పెద్దకొడుకో దగ్గరి బంధువో శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తాడు. దీన్నే దింపుడు కళ్ళం అంటారు. ఊపిరి ఇంకా మిగిలి ఉందేమో చూసుకోవడానికి పుట్టిన జాగ్రత్త ఇది అంటారు. దింపుడు కళ్ళం ఆశ అనే నానుడి అక్కడి నుంచే వచ్చింది. ఆ పిలుపు తర్వాత ఊళ్ళో ఆ మనిషి పేరు సూటిగా వినిపించడం తగ్గుతుంది. అయ్య, నాయన, పోయినాయన, మా పెద్దామె అనే మాటలు దాని చోటుకు వస్తాయి.

మూడో రోజు జరిగే పిట్టకు పెట్టుడు తెలంగాణ పల్లెల్లో అన్నిటికంటే ఉత్కంఠగా సాగే తంతు. విస్తరాకులో అన్నం, మాంసం కూర, పోయిన మనిషి ఇష్టంగా తిన్నవీ తాగినవీ పెడతారు. కల్లు తాగే అలవాటుంటే కల్లు, పొగ అలవాటుంటే చుట్టో బీడీ కట్టో, చాయ్ లేకుండా పూట గడవని మనిషైతే గ్లాసుడు చాయ్. తర్వాత అందరూ దూరంగా జరిగి కూర్చుని కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముట్టితే తృప్తిగా పోయినట్టు లెక్క. ముట్టకపోతే అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది. చిన్నకొడుకు పెళ్ళి చూడలేదనా, బిడ్డకు ఇస్తానన్న బంగారం ఇవ్వలేదనా, అన్నదమ్ముల మధ్య భూమి పంచాయితీ తెగలేదనా అని ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం వెతుకుతారు. చివరికి వారిలో ఎవరో ఒకరు లేచి విస్తరి దగ్గరికి నడిచి, ‘ఆ సంగతి నేను చూసుకుంటా, నువ్వు తిను’ అని చెబుతారు. కాకి రాకపోవడంలో దాని ఆకలి పాత్ర ఎంత, చుట్టూ ఉన్న జనం అలికిడి పాత్ర ఎంత అని అక్కడ ఎవరూ లెక్కకట్టరు. లెక్కకు వచ్చేది ఆ నలుగురి ముందు నోట వెలువడిన మాట. కాగితం మీద లేని బాకీలు, తీరని మాటలు ఆ రోజు బయటికి వచ్చి ఎవరో ఒకరి బాధ్యతగా మారతాయి. వీలునామా రాసే అలవాటు లేని చోట ఈ తంతు దాదాపు ఆ పనే చేస్తుంది.

2023లో వచ్చిన ‘బలగం’ సినిమా కథంతా ఈ పిట్ట చుట్టూనే తిరిగింది. దాన్ని తెలంగాణలో ఎన్నో ఊళ్ళలో ఆరుబయట తెర కట్టి ఊరంతటికీ చూపించారు. పతాక సన్నివేశంలో చనిపోయిన మనిషి కథను పాటగా చెప్పిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఊరూరా తిరిగి కథలు చెప్పే బుడిగ జంగాల కళాకారులు; మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ పాట అంతమందిని ఏడిపించడానికి కారణం సినిమా నేర్పరితనం ఒక్కటే కాదు. దినాల రాత్రి కథ చెప్పించే ఆనవాయితీ ప్రేక్షకులలో చాలామందికి చిన్నప్పుడు చూసిన సంగతి, ఈ మధ్య ఊళ్ళలో కనబడకుండా పోతున్న సంగతి.

దినాలు అయిపోయాక జ్ఞాపకం క్యాలెండరులోకి చేరుతుంది. శాస్త్రప్రకారం ఆబ్దికం చనిపోయిన తిథినాడు పెట్టాలి. తిథి తెలియాలంటే పంచాంగం చూసే మనిషి అందుబాటులో ఉండాలి. అది అన్ని కులాలకూ అన్ని ఊళ్ళకూ ఒకేలా అందిన సదుపాయం కాదు. దసరా ముందటి మంగళవారం, నాట్లు పడుతున్నప్పుడు, పెద్దవాన కురిసిన మూడోనాడు అని గుర్తుంచుకునే ఇళ్ళే ఎక్కువ. ఈ ఇబ్బందికి భాద్రపద బహుళ పక్షం ఒక వెసులుబాటు ఇచ్చింది. మహాలయ పక్షాలుగా పిలిచే ఆ 15 రోజుల్లో ముత్తయిదువగా పోయినవారికి నవమి, ఆయుధాల వల్ల, ప్రమాదాల వల్ల పోయినవారికి చతుర్దశి అంటూ విడివిడి రోజులున్నా, తిథి తెలియనివారందరినీ చివరి అమావాస్య ఒక్కటే కలుపుకుంటుంది. తెలంగాణలో దాన్నే పెత్రమాస అంటారు. పితృ అమావాస్య, అంటే పెద్దల అమావాస్య అన్న మాటే నలిగి అలా అయిందంటారు.

ఆ పొద్దున ఇంటి పెద్దకొడుకు తానం చేసి చాటలో బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, మిరపకాయలు, కూరగాయలు, పైన దక్షిణ పెట్టి అయ్యవారికో జంగమయ్యకో ఇస్తాడు. బియ్యమిచ్చుడు అని దీనికి పేరు. ఇచ్చేటప్పుడు పేర్లు చెప్పాలి: తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, ఆమె అత్త. తర్పణ మంత్రాల్లో ఈ మూడు తరాలను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా చెబుతారు. నాలుగో తరం నుంచి విడి పేర్లు అవసరం ఉండవు. మంత్రం రాని ఇళ్ళలోనూ లెక్క దాదాపు ఇంతే. ముత్తాతకు అవతలివాళ్ళంతా కలిసి పెద్దలు అవుతారు. ఒక మనిషిని కళ్ళారా చూసినవారు, చూసినవారి నోట విన్నవారు బతికి ఉండే కాలం సుమారుగా అంతే కాబట్టి, ఈ హద్దును శాస్త్రం గీసిందో, ఊరి అనుభవం నుంచే శాస్త్రం తీసుకుందో తేల్చడం కష్టం. మధ్యాహ్నం గారెలు, మాంసం, పెద్దలకు ఇష్టమైన కూర వండి, ఇంటి కప్పు మీద ముద్ద పెట్టాకే అందరూ తింటారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పెద్దలకు వండిన చేతులే సాయంత్రం తంగేడు, గునుగు పేరుస్తాయి. రెండింటినీ ఒకే రోజుకు కట్టిన ఆలోచన ఎవరిదో గాని, ఆ రోజు పొద్దంతా పని మాత్రం ఆడవాళ్ళదే.

కోస్తాంధ్రలో, ఉత్తరాంధ్రలో ఈ బాధ్యతలో పెద్ద భాగం సంక్రాంతి మోస్తుంది. పెద్దపండగ అన్న పేరు వినగానే కోడిపందేలూ గొబ్బెమ్మలూ గుర్తుకు వచ్చినా, చాలా ఇళ్ళలో ఆ రోజు అసలు పని పెద్దలకు బట్టలు పెట్టుకోవడం. కొత్త చీర, కొత్త పంచె ఫొటోల ముందో గోడ వారనో పెట్టి, కొత్త బియ్యంతో వండింది నైవేద్యం పెట్టి, తర్వాత ఆ బట్టలను ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. తండ్రికి పెట్టిన పంచె కొడుకు కట్టుకోవడం, అత్తకు పెట్టిన చీర కోడలు కట్టుకోవడం అక్కడ మామూలు. సంక్రాంతి ఏటా జనవరి 14, 15 తేదీలు దాటదు కాబట్టి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు రైలు టిక్కెట్లు నెలల ముందే తీసుకోగలరు. ఆబ్దికాలు మానేసిన ఇళ్ళలో కూడా సంక్రాంతికి బట్టలు పెట్టడం ఆగకపోవడానికి ఈ సౌకర్యం ఒక ముఖ్య కారణం. బతికినవాళ్ళు ఇంటికి చేరే రోజే పోయినవాళ్ళకూ పండగ రోజైంది.

తిథుల సంగతి పంచాంగం చూసుకుంటే, వంశాన్ని గుర్తుంచుకునే పనిని ఊరు కొందరికి వృత్తిగా అప్పగించింది. కాపు, రెడ్డి కులాలకు పిచ్చుకుంట్లవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, విశ్వకర్మలకు రుంజవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చి కులపురాణం చెప్పి, గోత్రాలూ ఇంటిపేర్లూ ఏకరువు పెట్టి, తమకు రావలసింది తీసుకుని వెళ్ళేవారు. పలానా ఊరి నుంచి మూడన్నదమ్ములు వచ్చారని, ఒకడు ఇక్కడ దిగాడని, ఇంకొకడు నది దాటాడని వాళ్ళు చెప్పిందే ఆ ఇంటికి చరిత్ర. ఈ వ్యవస్థను తలుచుకుని నిట్టూర్చడం తేలిక. దాని రెండో పక్కనూ చూడాలి. ఊరి జ్ఞాపకాన్ని మోసినవారిలో చాలామందికి సొంత భూమి గాని, కొన్నిచోట్ల ఊళ్ళో నిలువ నీడ గాని ఉండేది కాదు. చావు దగ్గర డప్పు కొట్టడం, కట్టెలు మోయడం, కబురు తీసుకుపోవడం ఫలానా కులం చేసి తీరవలసిన వెట్టిగా ఉండేది. తమ పిల్లలు ఆ పని చేయకూడదని వాళ్ళు అనుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిచ్చుకుంట్ల కథకుడి కొడుకు ఆటో నడుపుకుంటున్నాడంటే ఒక వంశవృక్షం పోయినట్టే, ఒక బానిసత్వం తగ్గినట్టు కూడా.

జ్ఞాపకానికి ఖర్చులేని చోటు పేరు. చనిపోయిన తాత పేరు మొదటి మనవడికి, నాయనమ్మ పేరు మొదటి మనవరాలికి పెట్టడం తెలుగునాట ఎంత మామూలంటే, రెండేసి తరాలకు ఒకే పేరు తిరిగి వచ్చే ఇళ్ళు లెక్కలేనన్ని. దీనివల్ల ఒక తమాషా ఇబ్బంది వచ్చేది. అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకకూడదన్న పట్టింపు ఉన్న కోడలు, మామ పేరే పెట్టిన సొంత కొడుకును ఆ పేరుతో పిలవలేదు. అందుకే వాడు అయ్య, నాయన, బుజ్జి, పెద్దోడు అవుతాడు. మారాం చేసిన పిల్లవాణ్ణి కొట్టబోయిన చెయ్యి, మామ పేరు గుర్తుకొచ్చి ఆగిపోయిందని చెప్పుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇప్పుడు పిల్లల పేర్లు జన్మనక్షత్రం ఇచ్చిన అక్షరంతో, సంఖ్యాశాస్త్రం చెప్పిన స్పెల్లింగుతో మొదలవుతున్నాయి. తాత పేరు బారసాలనాడు బియ్యంలో రాయడానికి, బడి రికార్డులో ఇంటిపేరు పక్కన ఒక పొడి అక్షరంగా నిలవడానికి పరిమితమైంది. మనుషుల పేర్లకంటే భూమి పేర్లు ఇంకా గట్టిగా నిలిచాయి. మల్లయ్య చెలక, అవ్వ బాయి, కరణంగారి తోట వంటి పేర్లను ఆ మల్లయ్య ఎవరో, ఆ అవ్వ ఎవరో తెలియనివాళ్ళు కూడా రోజూ వాడుతుంటారు. భూమి మూడు చేతులు మారినా చెలక మల్లయ్యదిగానే ఉంటుంది.

ఇదంతా హిందూ ఇళ్ళ సంగతిగా మాత్రమే అనుకోవడం పొరపాటు. ఊళ్ళోని క్రైస్తవ కుటుంబాలు నవంబరు 2న సమాధుల పండుగ చేసుకుంటాయి. అంతకు వారం ముందు నుంచే సమాధుల చుట్టూ చెట్టూచేమా కొట్టి, సున్నం వేసి, పేర్లమీద మళ్ళీ నల్లరంగు దిద్దుతారు. ఆ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి, పాటలు పాడతారు. షబ్-ఎ-బరాత్ రాత్రి ముస్లింలు ఖబరస్తాన్‌కు వెళ్ళి గోరీల దగ్గర ఫాతిహా చదువుతారు. కరీంనగర్ కార్ఖానగడ్డ శ్మశానంలో దళిత కుటుంబాలు దశాబ్దాలుగా దీపావళిని సమాధుల దగ్గరే జరుపుకుంటున్నాయి. సమాధులకు రంగులు వేసి, పూలు పెట్టి, పోయినవారికి ఇష్టమైన వంటలు తీసుకుపోయి, పిల్లలు అక్కడే టపాకాయలు కాలుస్తారు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లో సవర గిరిజనులు చనిపోయినవారి కోసం రాళ్ళు నిలపడం తరతరాల ఆచారం. మతం, కులం, భాష మారినా శుభ్రం చేయడం, వెలిగించడం, తిండి పెట్టడం, పేరు పలకడం అన్న నాలుగు పనులు మాత్రం ఎక్కడికి పోయినా ఎదురవుతాయి.

ఈ పద్ధతిలో చోటు దొరకని మృతులూ ఉన్నారు. పసిపిల్లలకు శ్రాద్ధం లేదు. వాళ్ళను పూడ్చి వచ్చేస్తారు, మూడు తరాల జాబితాలో వాళ్ళ పేరు ఎన్నటికీ రాదు. పిల్లలు లేకుండా పోయినవారికి పెట్టేవాళ్ళు లేరన్న మాట బతికుండగానే ఒక తిట్టుగా వినబడుతుంది. పెళ్ళైన ఆడపిల్ల అత్తింటి పెద్దలకు ఏటా వండుతుంది గాని, కన్న తల్లిదండ్రులకు పెట్టే వంతు ఆమెకు రాదు, అది అన్నదమ్ములది. కొడుకులు లేని ఇళ్ళలో కూతుళ్ళు తలకొరివి పెట్టడం ఇప్పుడు అరుదైన వార్త కాదు. కాని ఆ తర్వాత ఏటేటా పెట్టే విషయంలో ఊరు ఇంకా ఆ చొరవను పూర్తిగా ఒప్పుకోలేదు.

అర్ధాయుష్షుతో, దౌర్జన్యంతో, ప్రమాదంతో పోయినవారి విషయంలో ఊరు వేరే దారి తొక్కింది. వాళ్ళను పెద్దల్లో కలపలేక దేవతల్లో కలిపింది. ఊరి పొలిమేరలోనో చెరువు కట్ట మీదో కనిపించే వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, మీద కింద యుద్ధం, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం చెక్కి ఉంటాయి. ఆ వీరుడి పేరు తెలిసినవారు లేరు. అయినా పసుపు కుంకుమ ఆగలేదు. దేవతలుగా కొలిచే పేరంటాళ్ళ గుళ్ళ వెనుక కథలన్నీ దాదాపుగా అకాలంగా పోయిన ఆడవాళ్ళవే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మను కూడా భక్తులు అత్తింటి కష్టాలు పడిన ఇల్లాలిగానే కథలో చెప్పుకుంటారు. పల్నాడులోని కారంపూడిది ఇంకా పెద్ద ఉదాహరణ. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో మరణించిన 66 మంది వీరనాయకుల పేరిట కార్తీక అమావాస్య నుంచి 5 రోజులు జరిగే ఉత్సవాల్లో, ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు తమ ఇళ్ళలో దాచుకున్న ఆయుధాలను తెచ్చి నాగులేటిలో కడిగి పూజిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకో పేరు. ఒక్కో రోజు యుద్ధకథలో ఒక్కో ఘట్టం. మూడు తరాల హద్దును దాటి ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఒక జ్ఞాపకం నిలవడానికి కావలసిందేమిటో అక్కడ తెలుస్తుంది: ఒక గుడి, ఒక పీఠం, కత్తిని తుప్పు పట్టకుండా చూసుకునే కొన్ని కుటుంబాలు, పాడే గొంతు.

ఊరంతా ఒకేసారి దెబ్బతిన్నప్పుడు తిథి పక్కకు తప్పుకుని ఇంగ్లీషు తేదీ ముందుకు వస్తుంది. 1948 ఆగస్టు 27న రజాకార్ల ఊచకోతకు గురైన సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో నాటి బురుజు ఇంకా నిలిచి ఉంది. ఊరివాళ్ళకు ఆగస్టు 27 అంటే చాలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. అవనిగడ్డ ప్రాంతంలో ఏటా ఆ తేదీన స్తూపం దగ్గర నివాళులర్పిస్తారు. ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన చోట కొరివి పెట్టే చెయ్యి గాని, పెత్రమాసనాడు పేరు చెప్పే నోరు గాని మిగల్లేదు. అలాంటి వాళ్ళందరి బదులు స్తూపమే నిలబడాల్సి వచ్చింది. అక్కడ పెద్దవయసువాళ్ళు వయసులు కూడా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే చెబుతారు.

ఇక చోటు సంగతి. తెలంగాణలో, రాయలసీమలో సొంత చేనులోనే పూడ్చి సమాధి కట్టుకోవడం చాలా కులాల్లో ఉన్న అలవాటు. గట్టు మీద సున్నం కొట్టిన చిన్న దిమ్మె, పక్కన ఒక వేపచెట్టు, నాగలి దాని చుట్టూ తిరిగి వెళ్ళిన గీత. దున్నేవాడికి రోజూ కనబడే తండ్రి అతను. ఆ చేను అమ్ముడుపోతే సమాధి ఎవరిదవుతుందన్న ప్రశ్నకు ఊరి పద్ధతిలో జవాబు లేదు. కొన్నవాడు మంచివాడైతే ఏడాదికోసారి దీపం పెట్టనిస్తాడు. భూమి వెంచరుగా మారి ప్లాట్ల రాళ్ళు పడితే ఆ మాట అడగడానికి కూడా మనిషి దొరకడు. ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళది మరీ దయనీయం. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. ఆ చుట్టుపక్కల చేలల్లోని సమాధులకు అలాంటి యోగం పట్టలేదు. మరోవైపు 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ గ్రామాల్లో వైకుంఠధామాలనే శ్మశానవాటికలు కట్టారు. వానలో శవాన్ని కాల్చలేక అవస్థపడిన ఊళ్ళకు, శ్మశానానికి జాగా లేక వాగు ఒడ్డున పూడ్చుకున్న వాడలకు అది నిజమైన మేలు. కాని కాల్చే దిమ్మె చుట్టూ రూపుకట్టిన ఈ నిర్మాణంలో పూడ్చే ఆచారం ఉన్నవారు ఏటేటా వచ్చి దీపం పెట్టుకునే చోటు గురించి ఆలోచన తక్కువగా కనబడుతుంది.

ఊళ్ళో చేతులు తగ్గిన కొద్దీ ఆ పనిని బొమ్మ చేస్తోంది. జీవితమంతా ఒంటరిగా ఒక్క ఫొటో దిగని ముసలమ్మ పోతే, కొడుకులు ఆధార్ కార్డు పట్టుకుని స్టూడియోకు వెళతారు. బెదిరిన కళ్ళతో ఉన్న ఆ చిన్న బొమ్మను స్టూడియోవాళ్ళు పెద్దది చేసి, ముడతలు తగ్గించి, మామూలు నేతచీర తీసి పట్టుచీర కట్టి, వెనుక నీలిమబ్బులు పెట్టి ఇస్తారు. మనవలకు ఆమె ముఖం ఇకమీదట అదే. దశదినకర్మకు ఊరి మొదట్లో కట్టే ఫ్లెక్సీ మీద అశ్రునివాళి అన్న అక్షరాల కింద ఆమె బొమ్మ ఒకటి, దాని చుట్టూ కొడుకులు, అల్లుళ్ళు, మనవలు, కొన్నిసార్లు స్థానిక నాయకుల బొమ్మలు పది. ఎవరి జ్ఞాపకమో తెలియడానికి కాస్త వెతుక్కోవాలి. కర్మ ముగిశాక ఆ ఫ్లెక్సీని ఎవరో విప్పి తీసుకుపోయి వరిగడ్డి మీదో పత్తి కుప్ప మీదో కప్పుతారు. వాన పడ్డప్పుడు ఆ ముసలమ్మ బొమ్మ పత్తిని తడవకుండా కాస్తుంది. దీన్ని చూసి నొచ్చుకునేవాళ్ళున్నారు గాని, బతికున్నప్పుడు ఆమె చేసింది కూడా అదే.

విదేశాల్లో ఉన్న పిల్లలు తమ వంతును డబ్బు రూపంలో పంపుతున్నారు. అమ్మ జ్ఞాపకార్థం మంచినీటి ప్లాంటు, నాన్న జ్ఞాపకార్థం బస్సు షెల్టరు, శవాన్ని రెండు రోజులు ఉంచగల ఫ్రీజరు పెట్టె, శ్మశానానికి తీసుకుపోయే వైకుంఠ రథం ఇలా వచ్చినవే. ఫ్రీజరు పెట్టె ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది, ఎందుకంటే దాని అవసరమే వలస నుంచి పుట్టింది. దుబాయ్ నుంచో డల్లాస్ నుంచో కొడుకు వచ్చేదాకా తల్లిని ఉంచాలి. తిథి విషయంలోనూ వాళ్ళకు కొత్త చిక్కు ఎదురైంది. అక్కడి సూర్యోదయాన్ని బట్టి తిథి మారిపోతుంది కాబట్టి అమెరికా నగరాలకు విడిగా గుణించిన పంచాంగాలు చూసుకుంటున్నారు. అంత ఓపిక లేనివారు ఇంగ్లీషు తేదీకే వర్ధంతి జరిపి, ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. అక్కడా పెట్టడమే. ఉద్యోగానికి గల్ఫ్ వెళ్ళినవారి ఇళ్ళలో వరస తిరగబడుతుంది. పోయినవాడు అక్కడ, ఏడ్చేవాళ్ళు ఇక్కడ. శవం రావడానికి వారాలు పట్టినప్పుడు దినాలు ఏ రోజు నుంచి లెక్కించాలో తెలియక కుటుంబం ఆగిపోతుంది.

పెత్రమాసనాడు ఊరికి వచ్చిన కొడుకు చాట ముందు కూర్చుంటే అయ్యవారు పేర్లు అడుగుతాడు. తండ్రి పేరు చెబుతాడు, తాత పేరు కాస్త తడుముకుని చెబుతాడు, ముత్తాత దగ్గర ఆగి లోపలి గదివైపు తిరుగుతాడు. గారెలు వేస్తున్న తల్లికి ఆ పేరు తెలుసు. కాని అత్తింటి పెద్దవాళ్ళ పేర్లు ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ నోటితో పలకలేదు. చేతికంటిన పిండి తుడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చి, వాకిట్లో ఆడుకుంటున్న బావగారి మనవణ్ణి చూపించి, ‘ఇగో, వీని పేరే’ అంటుంది.